బంతి విసిరిన చేయి, ఆట చెప్పిన గొంతు

ఉన్నతస్థితిలో ఉన్న మనిషి అకస్మాత్తుగా పడిపోయినప్పుడు లోకము మొదట వేయు ప్రశ్న ‘ఎందువలన?’ అన్నది. ఆ ప్రశ్నకు ఒకే ఒక జవాబు, అందులోను కంటికి కనబడు జవాబు, దొరికినచో లోకము తృప్తిపడి ఊరకుండును. లోలోపల, ఎవరి కంటను పడకుండ, మెల్లమెల్లగా జరిగిన దానిని ఎవరు చూడబోవుదురు? వేలమంది యెదుట ఒక్క క్షణములో జరిగినదే కారణమని నమ్ముట సులభము. అమెరికా దేశపు బేస్‌బాల్ ఆటగాడు హెర్బ్ స్కోర్ చరిత్ర ఇందుకు మంచి దృష్టాంతము. స్కోర్ అన్నది అతని ఇంటిపేరు. ఆటలోని పరుగుల లెక్కకును దానికిని సంబంధము లేదు. 1957లో బంతి కంటికి తగిలినందువలన అతని ప్రతిభ నశించినదని నేటికిని పలువురు చెప్పుకొందురు. అది సరికాదని అతడు మాత్రము జీవితాంతము చెప్పుచు వచ్చినాడు. ఆ పిమ్మట అతడు 34 సంవత్సరముల పాటు ఆటను ఇతరులకు చెప్పు ఉద్యోగము చేసినాడు. అందులో 30 సంవత్సరములు రేడియోలోనే గడచినవి. కనుక రేడియో వినువారికి అతని కథ మరింత దగ్గరిది.

కథలోనికి పోవుటకు ముందు ఆ ఆట స్వరూపమును కొంత తెలిసికొనవలెను. క్రికెట్ ఎరిగిన మనకు బేస్‌బాల్ పూర్తిగా కొత్తది కాదు. ఒక్కొక్క పక్షమున తొమ్మండుగురు ఆటగాండ్రుందురు. రెండు పక్షములును వంతులవారీగా తొమ్మిది ఇన్నింగ్సులు ఆడుదురు. ముగ్గురు అవుట్ అయినంతనే ఒక వంతు ముగియును. మైదానములో 90 అడుగుల భుజములు గల ఒక చతురస్రము ఉండును. దాని నాలుగు మూలలను బేసులందురు. బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి, ఆ నాలుగు మూలలను చుట్టి వచ్చినచో ఒక పరుగు లభించును.

బంతి విసరువానిని పిచ్చరు అందురు. మన బౌలరు వలె ఇతడు దూరమునుండి పరుగెత్తి రాడు. మోచేయి వంచరాదన్న నియమము ఇతనికి లేదు. ఇతడు విసిరిన బంతి నేలను తాకి పైకి లేవదు. చిన్న మట్టిదిబ్బ మీద నిలిచి, 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి, బ్యాటరు మోకాళ్లకును రొమ్మునకును నడుమగల కొద్దిపాటి అవకాశములోనుండి పోవునట్లు నేరుగా విసరవలెను. అట్టి బంతులను మూడింటిని కొట్టలేకపోయిన బ్యాటరు అవుట్ అగును. దీనికి స్ట్రైకవుట్ అని పేరు. పిచ్చరు బలమును కొలుచుటకు ఇది మంచి కొలబద్ద. బంతి ఆ అవకాశము తప్పి నాలుగుసార్లు పోయినచో మాత్రము బ్యాటరు శ్రమ లేకుండ మొదటి బేసుకు నడచిపోవును.

గంటకు 90 మైళ్ల వేగముతో విసిరిన బంతి బ్యాటరును చేరుటకు పట్టు కాలము ఇంచుమించు సెకనులో పదింట నాలుగు వంతులు మాత్రమే. బలముగా కొట్టిన బంతి అంతకంటె వేగముగా తిరిగివచ్చును. విసరుటలో పిచ్చరు ఒక పెద్ద అడుగు ముందునకు వేయును గనుక ఆ సమయమున ఇద్దరి నడుమ దూరము 55 అడుగులకు తగ్గును. అప్పుడతడు ఒంటికాలిమీద, ముందునకు వంగి, నిలద్రొక్కుకొనుచు ఉండును. మైదానములో అందరికంటె బ్యాటుకు దగ్గరగా ముఖము పెట్టి, అందరికంటె తక్కువ సిద్ధముగా ఉండువాడు పిచ్చరే. ఈ సంగతి మనము గుర్తుంచుకొనవలెను.

హెర్బర్ట్ జూడ్ స్కోర్ 1933 జూన్ 7వ తేదీన న్యూయార్కు నగరములోని క్వీన్స్ ప్రాంతమున జన్మించినాడు. అదృష్టము అతనిని చిన్ననాటినుండియే పరీక్షించినది. మూడేండ్ల వయసున ఒక బేకరీ లారీ క్రిందపడి కాళ్లు నలిగినవి. తరువాత కీళ్లవాత జ్వరము వచ్చి నెలల తరబడి మంచము పట్టినాడు. అట్టి పిల్లవాడు ఆటగాడగునని ఆనాడు అనుకొన్నవారు అరుదు. కుటుంబము ఫ్లోరిడా రాష్ట్రములోని లేక్‌వర్త్‌కు మారినది. అక్కడి హైస్కూలులో చదువుచుండగా అతని ఎడమచేతిలోని అసాధారణ వేగము బయటపడినది.

క్లీవ్‌లాండ్ జట్టు తరఫున కొత్త ఆటగాండ్రను వెదకు సై స్లాప్నికా అన్న అనుభవజ్ఞుడు అతనిని చూచినాడు. 1936లో అయోవా రాష్ట్రపు పల్లెపట్టునుండి బాబ్ ఫెల్లర్ అన్న కుర్రవానిని తెచ్చి, దేశములోకెల్ల వేగముగల పిచ్చరుగా పేరుపొందుటకు దారి చూపినవాడు ఇతడే. 1952లో, స్కోర్ 19వ జన్మదినమున, 60,000 డాలర్ల బహుమానముతో ఒప్పందము కుదిరినది. ఆ జట్టును ఆనాడు క్లీవ్‌లాండ్ ఇండియన్స్ అని పిలిచెడివారు. అందులోని ‘ఇండియన్స్’ మనము కాము, అమెరికా ఆదివాసులు. ఆ పేరు తగదన్న అభ్యంతరము మీదట 2022 సీజనునుండి గార్డియన్స్ అని మార్చుకొన్నారు.

పెద్ద జట్టులోనికి వచ్చుటకు ముందు యువకులు అనుబంధ జట్లలో కొంతకాలము తరిఫీదు పొందుట అక్కడి ఆచారము. 1954లో ఇండియానాపొలిస్ జట్టు తరఫున స్కోర్ 22 ఆటలు గెలిపించి, 5 మాత్రమే ఓడినాడు. 330 మందిని స్ట్రైకవుట్ చేసినాడు. రాకీ కొలవీటో అన్న యువ బ్యాటరు అతనితో ఒకే గదిలో నివసించిన ప్రాణస్నేహితుడు. అదే సంవత్సరము క్లీవ్‌లాండ్ పెద్ద జట్టు 111 ఆటలు గెలిచి తన లీగులో ప్రథమస్థానము పొందినది. లెమన్, విన్, గార్సియా, ఫెల్లర్ వంటి మేటి పిచ్చర్లు ఆ జట్టులో ఉన్నారు. అట్టి జట్టులో 21 ఏండ్ల యువకునికి చోటు దొరుకుటయే గొప్ప.

చోటు దొరకుట మాత్రమే కాదు, అతడు వారినందరిని మించినాడు. 1955లో 16 విజయములు, 10 అపజయములు, స్ట్రైకవుట్లు 245. ఇరువదవ శతాబ్దములో అంతవరకు మొదటి సీజనులో ఎవరును అన్ని సాధించియుండలేదు. 1911లో గ్రోవర్ క్లీవ్‌లాండ్ అలెగ్జాండర్ నెలకొల్పిన 227 అన్న లెక్కను అతడు దాటినాడు. 1984లో డ్వైట్ గూడెన్ వచ్చువరకు, 29 సంవత్సరములు, ఆ రికార్డు నిలిచినది. అతడు విసిరిన ఇన్నింగ్సులు 227. అనగా ఇన్నింగ్సుకు ఒకరికంటె ఎక్కువమంది అతని బంతిని కొట్టలేక వెనుదిరిగినారు. ఆ లీగులో ఆ యేటి ఉత్తమ కొత్త ఆటగాడన్న గౌరవము అతనికే దక్కినది. లోపము లేకపోలేదు. గురి తప్పి 154 మందిని ఊరకయే బేసుకు నడిపించినాడు. కాని 1956లో ఆ లోపమును తగ్గించుకొని, 20 ఆటలు గెలిచి, 9 మాత్రమే ఓడి, 263 మందిని స్ట్రైకవుట్ చేసినాడు. తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున అతడిచ్చిన పరుగులు రెండున్నర.

1957 మార్చి నెలలో బోస్టన్ జట్టు అధికారులు స్కోర్‌ను తమకిచ్చినచో పది లక్షల డాలర్లు చెల్లింతుమని ముందుకు వచ్చినారు. ఆ కాలమున ఒక ఆటగానికి అంత వెల కట్టుట కనివిని యెరుగనిది. క్లీవ్‌లాండ్ జట్టు నిర్వాహకుడు హాంక్ గ్రీన్‌బర్గ్ దానిని నిరాకరించినాడు. 23 ఏండ్ల వయసు, ఎడమచేతివాటము, రెండేండ్లలో 36 విజయములు. ఆ చేయి ఇక పదిహేనేండ్లు పనిచేయునని అందరును లెక్క వేసినారు. మనుష్యుల చేతులను గూర్చి వేయు లెక్కలలో ఇంతకంటె సాహసమైనది లేదు.

1957 మే 7వ తేదీ రాత్రి క్లీవ్‌లాండ్ నగరములో న్యూయార్క్ యాంకీస్ జట్టుతో ఆట. తొలి ఇన్నింగ్సులో మొదటి బ్యాటరు అవుట్ అయినాడు. రెండవవాడు గిల్ మక్‌డూగల్డ్. స్కోర్ విసిరిన బంతిని అతడు తిన్నగా, బలముగా, పిచ్చరు వైపే కొట్టినాడు. స్కోర్ విసరు పద్ధతి చాల బలప్రయోగముతో కూడినది; చివరకు శరీరమంతయు చుట్టుకొని తల క్రిందికి వాలిపోవును. అతడు తల ఎత్తునప్పటికి బంతి ముఖము మీద ఉన్నది. కుడికంటికి తగిలినది. స్కోర్ దిబ్బమీద కుప్పకూలినాడు. ముక్కు విరిగినది, కంటి చుట్టునున్న ఎముకలు చిట్లినవి, కంటిలోపల రక్తము నిండినది. బంతి మాత్రము ఎగిరి మూడవ బేసువద్దనున్న ఆల్ స్మిత్‌ను చేరినది. అతడు అలవాటు చొప్పున దానిని మొదటి బేసుకు విసిరి మక్‌డూగల్డ్‌ను అవుట్ చేసినాడు. ఆట నియమము తన పని తాను చేసినది. స్కోర్ స్థానములో బాబ్ లెమన్ వచ్చి మిగిలిన ఇన్నింగ్సులు విసరగా క్లీవ్‌లాండ్ 2-1 తేడాతో గెలిచినది.

ఆ రాత్రి విజయమును గూర్చి తలచినవారు లేరు. స్కోర్‌కు కన్ను పోయినచో తాను ఆట మానివేయుదునని మక్‌డూగల్డ్ ప్రకటించినాడు. ఇందులో అతని తప్పేమియు లేదు. బంతిని తిన్నగా కొట్టుటయే బ్యాటరు విధి. స్కోర్ కూడ మొదటినుండి చివరివరకు అదే చెప్పినాడు. ఆ మాట అన్నందుకు ఎన్నడును మనసు మార్చుకొనలేదు. మన క్రికెట్ అభిమానులకు 1962లో బార్బడోస్‌లో నారీ కాంట్రాక్టరు తలకు తగిలిన దెబ్బ గుర్తుండును. బంతి ఆటలన్నిటిలోను ఇట్టి క్షణమొకటి పొంచియే ఉండును.

కొంతకాలము కండ్లకు కట్లు కట్టి, కదలనీయక పడుకోబెట్టినారు. చూపు క్రమముగా తిరిగివచ్చినది. ఆ సీజనులో అతడు మరల ఆడలేదు. కాని 1958 వసంతమున మైదానములోనికి వచ్చినాడు. ఇచ్చటినుండి కథను జాగ్రత్తగా గమనింపవలెను. ఎందుకనగా జనులు చెప్పుకొను కథ ఇంతటితో ముగిసినది. అసలు కథ ఇంకను ముగియలేదు.

1958 ఏప్రిలులో స్కోర్ చికాగో జట్టుతో ఆడుచు ఒక్క పరుగైనను ఇవ్వక, 13 మందిని స్ట్రైకవుట్ చేసినాడు. భయపడినవాడు చేయు పని కాదది. కంటిచూపు మందగించినవాడు చేయదగినదియు కాదు. అటుపిమ్మట కొద్దిరోజులకు, చలిగా, తడిగా ఉన్న ఒక రాత్రి వాషింగ్టన్ జట్టుతో ఆడుచుండగా అతని ఎడమ మోచేతివద్ద నొప్పి పుట్టినది. విసరుట మానలేదు. పరీక్షింపగా కండరమును ఎముకతో కలుపు స్నాయువు చిరిగినదని తేలినది. ఆ సంవత్సరమంతటిలో అతడు విసిరినవి 41 ఇన్నింగ్సులు మాత్రమే. అయినను స్ట్రైకవుట్లు 48. అనగా పూర్వపు వేగమునకు లోటు రాలేదు. 1959లో 160 ఇన్నింగ్సులు విసరగలిగినాడు గాని స్ట్రైకవుట్లు 147కు తగ్గినవి. విజయములు 9, అపజయములు 11. తొమ్మిది ఇన్నింగ్సులకు ఇచ్చు పరుగులు నాలుగున్నర దాటినవి.

ఈ అంకెలే మనకు సాక్షులు. బంతి దెబ్బ తరువాత, మోచేతి నొప్పికి ముందు, అతడు వెనుకటి స్కోరే. మోచేతి నొప్పి తరువాత అతడు వేరొక పిచ్చరు. దెబ్బ తగిలిన పిమ్మట జంకి విసరు తీరు మార్చుకొన్నాడని కొందరు అన్నారు. తీరు మారిన మాట నిజమే. కాని అది జంకువలన గాక, నొప్పిని తప్పించుకొనుటకై చేయి తనంతట తానే వెదకుకొన్న దారియని అతని వాదము. కాలు బెణికినవాడు కుంటుచు నడచి ఆ నడకకే అలవాటు పడునట్లు, చేయి నొచ్చినవాడు కొత్త తీరునకు అలవాటు పడును. నొప్పి పోయినను పాత తీరు తిరిగిరాదు. దాదాపు ఒక యేడు ఆటకు దూరమైనందువలన చేయి బలహీనపడినదేమో అని వాదింపవచ్చును. ఆ వాదమునకు కొలబద్ద లేదు. కాని ఆ సాకును అతడు స్వయముగా ఎన్నడును వాడుకొనలేదు.

బంతి విసరుట సహజమైన పని వలె కనబడును గాని, అంత బలముతో పైనుండి విసరుట మోచేతికి సహజమైనది కాదు. చేయి వెనుకకు వంగి ముందునకు దూకు క్షణమున మోచేతి లోపలి పార్శ్వము విపరీతముగా సాగును. అది వేలసార్లు జరిగినప్పుడు అచ్చటి నరములవంటి కట్లు కొంచెము కొంచెముగా పీలికలగును. 1958లో వైద్యులు చేయగలిగినది విశ్రాంతి చెప్పుట, ఓపిక పట్టుమనుట. మోచేతి కట్టును శరీరములోని మరొకచోటినుండి తెచ్చిన స్నాయువుతో మరల అమర్చు శస్త్రచికిత్సను 1974లో ఫ్రాంక్ జోబ్ అన్న వైద్యుడు మొదట చేసినాడు. చేయించుకొన్నవాడు టామీ జాన్. నేటికిని ఆ చికిత్సను అతని పేరనే పిలుతురు. ఆ టామీ జాన్ పెద్ద జట్టులో మొదట ఆడినది 1963లో, క్లీవ్‌లాండ్ తరఫుననే. ఆ చికిత్స స్కోర్‌కు సరిపడియుండునని చెప్పుట ఇక్కడ ఉద్దేశము కాదు. అతని గాయము వేరు. కాని చేతిలోపలి గాయములు కంటికి కనబడు గాయములంత గౌరవము పొందుటకు లోకమునకు ఎంత కాలము పట్టినదో దీనివలన తెలియును.

మిగిలినదంతయు దిగుడు మెట్లు. 1960 ఏప్రిల్ 17న కొలవీటోను డిట్రాయిట్ జట్టుకు మార్చినారు. మరునాడే స్కోర్‌ను చికాగో వైట్‌సాక్స్‌కు పంపినారు. క్లీవ్‌లాండులో మొదట అతనికి శిక్షణనిచ్చిన ఆల్ లోపెజ్ అక్కడ మేనేజరుగా ఉండుట కొంత ఆశ కల్పించినది. ఆ ఆశ ఫలింపలేదు. 1962 నాటికి పెద్ద జట్లలో అతని ఆట ముగిసినది. మొత్తము లెక్క 55 విజయములు, 46 అపజయములు. 24 ఏండ్లు నిండకముందే సంపాదించినవి అందులో 38.

అయినను అతడు వెంటనే ఆట మానలేదు. ఒకప్పుడు పది లక్షల డాలర్ల వెల పలికిన చేయి గలవాడు మరల ఇండియానాపొలిస్‌కు పోయి, చిన్న జట్టులో, చిన్న మైదానములలో, తనకంటె పదేండ్లు చిన్నవారితో 1963 వరకు ఆడినాడు. ఓటములే మిగిలినవి. ఎందుకీ కష్టమని అడిగినవారికి అతడిచ్చిన సమాధానపు సారాంశమిది: చేయి తిరిగి బాగుపడియుండునేమో అన్న సందేహము ముసలితనములో తనను పీడింపరాదు. గౌరవము పోవునని భయపడి ముందుగా తప్పుకొనువారు కలరు. అన్ని తలుపులు తట్టి, అన్నియు మూసియున్నవని తన చేతితో తెలిసికొని వెనుదిరుగువారు కొద్దిమంది. వారికే తరువాతి జీవితములో మనశ్శాంతి దక్కును.

1964లో స్కోర్ క్లీవ్‌లాండ్ ఆటలను టెలివిజనులో వివరించు పనిలో చేరినాడు. 1968లో రేడియోకు మారి 1997 వరకు అక్కడనే ఉండినాడు. బేస్‌బాలుకును రేడియోకును గల చుట్టరికము పాతది. 1921 ఆగస్టు 5న పిట్స్‌బర్గ్ నగరములోని కె.డి.కె.ఎ. కేంద్రము మొట్టమొదట పెద్ద లీగు ఆటను ప్రసారము చేసినది. ఆ ఆటలో బంతికిని బంతికిని నడుమ విరామము ఎక్కువ. వేసవి సాయంకాలములలో, వంటచేసికొనుచు, అరుగుమీద కూర్చుండి, కారు నడుపుచు, సగము చెవితో వినుటకు అది తగినది. సీజనులో 162 ఆటలు. అనగా ఆరు మాసములపాటు ఇంచుమించు ప్రతిదినము ఒకే గొంతు ఒకే ఇంటికి వచ్చును. అట్టి గొంతు చుట్టపుగొంతు అగుటలో వింత లేదు.

మైక్రోఫోను ముందు కూర్చుండు పని చేయువారికి ఒక సంగతి తెలియును. చూచినదంతయు చెప్పుట వ్యాఖ్యానము కాదు. వినువానికి కన్ను లేదు. వాని కంటికి అవసరమైనది ముందు చెప్పవలెను. బంతి ఎక్కడ ఉన్నది, బేసులమీద ఎవరున్నారు, పరుగుల లెక్క ఎంత. నడుమ వచ్చి చేరినవానికై ఆ లెక్కను మాటిమాటికి చెప్పవలెను. మిగిలినచోట ప్రేక్షకుల కోలాహలమును విననీయవలెను. స్కోర్ మాటకారి కాడు. అప్పుడప్పుడు పేర్లు తారుమారు చేసినాడు, ఊళ్లు కలగలిపినాడు. శ్రోతలు వాటిని ప్రేమతో చెప్పుకొని నవ్వుకొన్నారు. కాని అతడు ఆటకంటె తాను పెద్ద కావలెనని ఎన్నడును ప్రయత్నింపలేదు. మరియొక ముఖ్యలక్షణము గలదు. తన ఆటను గూర్చి, తన గాయమును గూర్చి అతడు ప్రసారములో మాట్లాడుట బహు అరుదు. ఎదుట ఒక యువ పిచ్చరు వరుసగా బ్యాటర్లను స్ట్రైకవుట్ చేయుచున్నప్పుడు ‘నా కాలములో’ అని మొదలుపెట్టుటకు అతనికున్న హక్కు మరెవరికి కలదు? ఆ హక్కును వాడుకొనకుండుటయే అతని సభ్యత.

పైగా అతడు వర్ణింపవలసివచ్చినది విజయయాత్ర కాదు. 1960నుండి 1993వరకు క్లీవ్‌లాండ్ జట్టు ఒక్కసారియైనను మూడవస్థానమును మించి పోలేదు. డెబ్బదివేలమందికి పైగా పట్టు ఆ పెద్ద మైదానములో అనేక సాయంకాలములు ఖాళీ కుర్చీలే ప్రేక్షకులు. గెలుచు జట్టును గూర్చి ఉత్సాహముగా చెప్పుట సులభము. ఓడు జట్టు ఆటను, యేడాది తరువాత యేడాది, వినువానికి విసుగు పుట్టకుండ, అబద్ధమాడకుండ, ఆటగాండ్రను చులకన చేయకుండ చెప్పుట కష్టము. ఓటమి రుచి ఎరిగినవాడు గనుకనే స్కోర్ ఆ పని చేయగలిగినాడని తలచవచ్చును. మోచేయి నొచ్చిన పిచ్చరు గురి తప్పుచున్నప్పుడు అతనిని నిందించుట ఎంత తేలికయో, ఎంత అన్యాయమో, ఆ గొంతునకు తెలియును.

ఇక మక్‌డూగల్డ్ సంగతి. అతడు 1960లో, 32 ఏండ్లకే, ఆటనుండి విరమించినాడు. స్కోర్‌ను కొట్టిన పశ్చాత్తాపముతోనే అతడు క్షీణించినాడని లోకము మరల ఒక సులభమైన కథ అల్లినది. నిజమునకు అతనికి వేరొక గాయము కలదు. 1955లో, బ్యాటింగు సాధన జరుగుచుండగా, తన సొంత జట్టువాడు కొట్టిన బంతి అతని చెవివద్ద తగిలినది. అప్పటికి చిన్న దెబ్బగానే తోచినది. కాని వినికిడి సంవత్సరము వెంట సంవత్సరము తగ్గుచు, చివరకు పూర్తిగా పోయినది. ఫోర్డ్‌హాం విశ్వవిద్యాలయములో ఆట నేర్పు పనిని కూడ అతడు ఆ కారణముగా వదలుకొనవలసివచ్చినది. స్కోర్ గొంతు ప్రతి సాయంకాలము వేల ఇండ్లలో వినబడుచున్న కాలముననే, మక్‌డూగల్డ్ తన మనుమల మాటలనైనను వినలేని నిశ్శబ్దములో బ్రతికినాడు. 1990ల నడుమ చెవిలో అమర్చు విద్యుత్ యంత్రము శస్త్రచికిత్సద్వారా అతనికి వినికిడిని తిరిగి తెచ్చినది. 2010లో మరణించునప్పటికి అతడు తనవారి మాటలు వినగలుగుచున్నాడు. ఈ ఇద్దరి విషయములోను అందరును చూచిన దెబ్బ ఒకటి. జీవితమును మార్చిన దెబ్బ మరియొకటి.

స్కోర్ ఓపికకు చివరలో కొంత ప్రతిఫలము దొరకినది. 1995లో క్లీవ్‌లాండ్ 100 ఆటలు గెలిచి, 1954 తరువాత మొదటిసారి లీగు విజేతయైనది. 1997లో మరల వరల్డ్ సిరీస్‌కు చేరినది. అది తన కడపటి సీజను అని స్కోర్ ముందుగానే తెలియజేసినాడు. అక్టోబరు 26న ఏడవదియు, నిర్ణాయకమును అయిన ఆటలో, తొమ్మిదవ ఇన్నింగ్సులో క్లీవ్‌లాండ్ 2-1 ఆధిక్యముతో ఉన్నది. ఇంక ఇద్దరు అవుట్ అయినచో విజయము. ఫ్లోరిడా జట్టు లెక్క సమము చేసినది. పదకొండవ ఇన్నింగ్సులో గెలిచినది. స్కోర్ ఆ ఓటమిని కూడ ఉన్నదున్నట్లు చెప్పి, శ్రోతలవద్ద సెలవు తీసికొన్నాడు.

మూడేండ్ల వయసున లారీ దెబ్బ తిన్నవానికి 65 ఏండ్ల వయసున, 1998లో, మరల లారీతోనే ప్రమాదము సంభవించినది. చాల గాయములు తగిలినవి. 1999 ఏప్రిలులో సీజను ప్రారంభోత్సవమునాడు తొలిబంతిని లాంఛనముగా విసరుటకు అతనినే పిలిచినారు. అతడు వచ్చి విసరినాడు. 2008 నవంబరు 11న, ఒహాయో రాష్ట్రములోని రాకీ రివర్‌లో, 75వ యేట మరణించినాడు.

అతనిని గూర్చి వ్రాసినవారిలో పలువురు ‘దురదృష్టవంతుడు’ అన్న మాట వాడినారు. ఆ మాటను అతడు అంగీకరింపలేదు. తన రెండు కండ్లతో చూడగలుగుచున్నాననియు, తాను ప్రేమించిన ఆటలోనే జీవితమంతయు గడిపితిననియు అతని లెక్క. చేయి అతనికి పుట్టుకతో వచ్చిన వరము. అది కొద్దిపాటి సంవత్సరములలో ఖర్చయినది. గొంతు వరము కాదు. దానిని దినదినము పనిచేసి సంపాదించుకొన్నాడు. క్లీవ్‌లాండ్ ఇండ్లలో ఒక తరమువారు అతని బంతిని ఎన్నడును చూడలేదు. వారికి అతడు వేసవి సాయంకాలమున పరుగుల లెక్క చెప్పు మనిషి. ఒకనాడు ఆ మైదానములో ఆ మనిషియే అందరికంటె వేగముగా బంతి విసిరెడివాడని వారికి పెద్దలు చెప్పవలసివచ్చినది.